అనంతం మొదలయ్యే చోటు

రేంజ్‌ఫైండర్ కెమెరాలో ఒక తిరకాసు ఉంది. దాని కిటికీలోంచి చూస్తే లోకం ఎప్పుడూ మసకగా కనిపించదు. ఎస్సెల్లార్‌లో లెన్స్ తిప్పుతుంటే బొమ్మ మసకబారడం, మళ్లీ తేటపడటం కంటికి తెలుస్తూనే ఉంటుంది. అక్కడ కన్ను చూసేదీ లెన్స్ చూసేదీ ఒకటే. ఇక్కడ కంటిదో దారి, లెన్స్‌దో దారి. లెన్స్ మీద మూత బిగించి ఉన్నా కిటికీలో అంతా నిక్షేపంగా కనిపిస్తుంది. మూత తియ్యకుండా రీలంతా కొట్టేసినవాళ్ల కథలు ఈ కెమెరాలు వాడేవాళ్ల దగ్గర బోలెడు. ఫోకస్ తప్పినా అంతే. చూసేటప్పుడు తెలియదు. రీలు కడిగాక తెలుస్తుంది, అప్పటికి ఆ మనిషి లేచి వెళ్లిపోయి ఉంటాడు.

మరి దూరం ఎలా తెలుస్తుందంటారా? కెమెరా ముందువైపు రెండు కిటికీలుంటాయి, కొంచెం ఎడంగా. ఒకదాంట్లోంచి వచ్చే బొమ్మ సగం వెలుతురుని పోనిచ్చే అద్దం గుండా సూటిగా కంటికి చేరుతుంది. రెండోదాంట్లోంచి వచ్చేది పక్కకి మళ్లి, మొదటి బొమ్మ మీద పడుతుంది. ఒకే మనిషిని రెండు చోట్ల నుంచి చూస్తున్నాం కాబట్టి మధ్యలో ఇద్దరు మనుషులుంటారు. లెన్స్ తిప్పితే, దాని వెనక అంచుని తాకుతూ ఉండే వేలు లాంటి చిన్న మీట కదిలి, రెండో బొమ్మని రవ్వంత జరుపుతుంది. ఇద్దరూ జరిగి జరిగి ఒక్కడవుతారు. ఆ క్షణాన లెన్స్ ఆ మనిషి దూరానికి సరిపోయిందని లెక్క. 50 మిల్లీమీటర్ల లెన్స్ అనంతం నుంచి ఒక మీటరు దూరం దాకా రావడానికి ముందుకు జరిగేది సుమారు 2.6 మిల్లీమీటర్లు. కథంతా ఆ రెండున్నర మిల్లీమీటర్లలోనే.

సరిపోయిందని ‘లెక్క’ అన్నాను, ఊరికే అనలేదు. రెండు బొమ్మలూ కలవడం అంటే కెమెరా తనతో తాను ఒప్పుకోవడం. ఆ ఒప్పుకోలు ఎక్కడ జరగాలో ఒక చిన్న స్క్రూ నిర్ణయిస్తుంది. స్క్రూ పావు చుట్టు తిరిగి ఉంటే రెండు బొమ్మలూ అంతే అందంగా, అంతే నమ్మకంగా, ఇంకో చోట కలుస్తాయి. చూసేవాడికి తేడా తెలిసే దారి లేదు. మా వృత్తిలో దీనికి దగ్గరి చుట్టం ఒకటుంది. కోడ్ రాసినవాడే టెస్టులూ రాస్తాడు, అవతలి సిస్టమ్ ఎలా ప్రవర్తిస్తుందో కూడా వాడే ఊహించి ఒక నకిలీని పెడతాడు. అన్నీ పచ్చగా పాసవుతాయి. పచ్చదనం గురించి మళ్లీ మాట్లాడుకుందాం.

నా దగ్గరున్నది జోర్కీ-4. బెంగళూరులో ఒక పాత సామాన్ల దుకాణంలో కొన్నాను. దీని వంశవృక్షం సరదాగా ఉంటుంది. ఫోకస్‌కి జతచేసిన రేంజ్‌ఫైండర్‌తో లైకా-2 జర్మనీలో 1932లో వచ్చింది. దాన్ని చూసి ఖార్కివ్‌లో మకరెంకో నడిపిన కమ్యూన్‌లో అనాథ పిల్లలూ వీధి పిల్లలూ కలిసి ఫెడ్ అనే కెమెరా చేశారు, 1934 నుంచి. ఫెడ్‌ని చూసి మాస్కో దగ్గర క్రాస్నోగోర్స్క్‌లో 1948 నుంచి జోర్కీ చేశారు. జోర్కీ-4 మాత్రం 1956 నుంచి 1973 దాకా లక్షల్లో తయారైంది. మన అమ్మానాన్నలకి విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికిన గట్టి అట్టల సోవియట్ పుస్తకాలు గుర్తున్నాయి కదా, అదే గుణం దీనిది కూడా: బరువు, మొరటుదనం, ఎన్నేళ్లయినా చావని మొండితనం. నాకు దొరికినదాంట్లో రేంజ్‌ఫైండర్ తప్పు చెబుతోంది. కిలోమీటరు అవతలి గోపురం నాలుగు మీటర్ల దూరంలో ఉందని దాని వాదన.

సరిచేయడానికి బెంగళూరులో ఒక ఇబ్బంది ఉంది. ముందు అనంతం కావాలి. మా అపార్ట్‌మెంట్ బాల్కనీ నుంచి చూస్తే ఎదుటి బ్లాకు నలభై మీటర్లు. దానవతల ఇంకో బ్లాకు. ఆ నగరంలో అనంతం అద్దెకి కూడా దొరకదు. అందుకే స్క్రూడ్రైవర్లు, భూతద్దం, టేపు పట్టుకుని మా అమ్మవాళ్ల ఊరికి వెళ్లాను. రాప్తాడు మండలంలో, 44వ నంబరు జాతీయ రహదారికి కొంచెం లోపలికి ఉంటుంది. అక్కడ మిద్దె ఎక్కితే చాలు. ఎర్ర నేల, శెనక్కాయ చేన్లు, అక్కడక్కడా చింతచెట్లు, బోర్ల పక్కన కాసిని పచ్చటి ముక్కలు, ఆ చివర రామగిరి వైపు కొండలు, వాటి మీద గాలిమరలు. జిల్లా పేరులోనే అనంతం ఉంది కాబట్టి ఈ శ్లేషని ఇంతటితో వదిలేస్తాను.

దూరపు కొండలు నునుపు అని మనవాళ్లు ఎగతాళిగా అంటారు. రేంజ్‌ఫైండర్ సరిచేసేవాడికి మాత్రం సరిగ్గా ఆ నునుపే కావాలి. లెన్స్ మీద పడుకోబెట్టిన ఎనిమిది గుర్తు దగ్గర ఆపి, దూరంగా ఉన్న గాలిమర స్తంభాన్ని చూస్తూ, రెండు స్తంభాలూ ఒకటయ్యేదాకా స్క్రూ తిప్పాలి. నేను తిప్పాను. స్తంభాలు ఒకటయ్యాయి. తర్వాత, పరీక్షకి, అంతకంటే చాలా దగ్గరగా ఉన్న ఒక నీళ్ల ట్యాంకుని చూశాను. అదీ ఒకటిగానే ఉంది. ఇంకా ఇవతల, అర కిలోమీటరు లోపే, మేకలు తోలుకుపోతున్న ఒక మనిషి. అతనూ ఒక్కడే. లెన్స్ అనంతం దగ్గరే ఉంది.

ఇందులో వింతేమీ లేదు, లెక్క వేస్తే తేలిపోతుంది. జోర్కీ రెండు కిటికీల మధ్య ఎడం దాదాపు నాలుగు సెంటీమీటర్లు. ఆ నాలుగు సెంటీమీటర్ల తేడాతో చూస్తే, వంద నూటయాభై మీటర్లు దాటాక రెండు బొమ్మల మధ్య ఎడం మన కంటికి పట్టనంత సన్నగిల్లిపోతుంది. కన్ను ఎంత చురుకైనదైనా కొన్ని వందల మీటర్ల తర్వాత తేడా పట్టలేదు. అంటే ఈ కెమెరాకి సంబంధించినంత వరకు మేకలతను, నీళ్ల ట్యాంకు, రామగిరి కొండ, చందమామ అన్నీ ఒకే దూరంలో ఉన్నాయి. అనంతం ఎక్కడో దిగంతంలో లేదు. మేకలతని కంటే ముందే మొదలైపోయింది. కిటికీల ఎడం పెంచితే అనంతం వెనక్కి జరుగుతుంది. నౌకాదళాల్లో ఫిరంగుల గురి కోసం వాడిన రేంజ్‌ఫైండర్లు మీటర్ల పొడవుండేవి, కిలోమీటర్ల అవతలి ఓడ దూరం చెప్పగలిగేవి. సూత్రం ఒకటే. చూసే రెండు చోట్ల మధ్య ఎడమే తేడా.

అప్పటినుంచి నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది: మనం ఎవరినైనా అనంతంలో పెట్టేశామంటే, అది వాళ్లు ఉన్న దూరమా, మన కిటికీల ఇరుకా?

పీటర్ సింగర్ 1972లో ‘ఫ్యామిన్, ఆఫ్లుయెన్స్ అండ్ మొరాలిటీ’ అని ఒక వ్యాసం అచ్చేశాడు. తూర్పు బెంగాల్ శరణార్థులు ఆకలితో ఉన్న రోజుల్లో రాసింది. నైతిక తత్వశాస్త్రం చదివే ప్రతివాడికీ ముందు చేతిలో పెట్టేది ఇదే. మీరు వెళ్లే దారిలో నీటిగుంటలో ఒక పాప మునిగిపోతుంటే బట్టలు పాడైనా సరే దిగి తీస్తారు కదా, మరి వేల మైళ్ల అవతల ఆకలితో చచ్చిపోతున్న పాప విషయంలో ఆ బాధ్యత ఎందుకు తగ్గాలి అని అడుగుతాడు. దూరానికి నైతికంగా విలువ లేదు అంటాడు. ఈ వాదన చదివాక మామూలుగా బతకడం కొంచెం కష్టమే. దాన్ని ఎదుర్కోవడానికి చాలామంది దగ్గరివాళ్ల పట్ల ప్రత్యేక బాధ్యతలు, కుటుంబం, సంఘం అంటూ వాదనలు పేర్చారు గానీ అవన్నీ నాకు కాస్త సాకుల్లాగే అనిపిస్తాయి. బాధ్యత విషయంలో సింగర్‌తో నాకు పేచీ లేదు.

నా పేచీ గుంటతో. గుంటలో పాప మీకు రెండు గజాల దూరంలో ఉంది. ఆమెకి ఏం కావాలో మీకు తెలుసు, నీళ్లలోంచి బయటికి రావాలి, అంతే. ఆ తెలియడం అనేది దగ్గరతనం ఉచితంగా ఇచ్చిన వరం. సింగర్ ఆ పాపని వేల మైళ్ల అవతలికి జరిపినప్పుడు బాధ్యతని మార్చకుండా తీసుకుపోయాడు, సరే. దాంతోపాటు ఆ తెలియడాన్ని కూడా చెక్కుచెదరకుండా తీసుకుపోయినట్టు నటించాడు. దూరం బాధ్యతని తగ్గించదు గానీ తెలివిడిని తగ్గిస్తుంది. అక్కడ ఏం కావాలో తెలియనప్పుడు మన దగ్గర ముందే ఉన్న బొమ్మని అక్కడ అతికిస్తాం.

రాప్తాడుకి అతికించే బొమ్మ మీకందరికీ తెలుసు. బీటలు వారిన నేల, దాని మీద గొంతుక్కూర్చున్న ఒక ముసలాయన, తలకి తువ్వాలు, చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని ఆకాశం వంక చూపు. నేను ఊరెళుతున్నానని తెలిసి ఒక మిత్రుడు, ఏదో సభ పోస్టరుకి కావాలి, అలాంటిది ఒకటి తీసి పంపమన్నాడు. మా మామకి చెప్పాను. ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు.

‘బీటలా? యాడుంటాయప్పా మన చేన్లో? ఎర్ర నేల బీటలిస్తాదా? బీటలు గావల్నంటే చెరువులోకి పో. అడుగున ఒండ్రు ఉంటాది, నీళ్లింకితే నెర్రెలిస్తాది. మంచి వానలు పడిన ఏడు గూడా ఎండాకాలం చెరువు బీటలే ఇస్తాది అల్లుడా.’

భూగోళం పుస్తకంలో రావాల్సిన మాట ఇది. అనంతపురం జిల్లాలో ఎక్కువ భాగం తేలికైన ఎర్ర నేలలు. ఇసుక పాలు ఎక్కువ, లోతు తక్కువ. తడి నిలవదు, ఎండితే గట్టిగా బిగుసుకుంటుంది తప్ప పగుళ్లు ఇవ్వదు. బీటలు ఇచ్చేది బంకమట్టి, నల్లరేగడి, చెరువు ఒండ్రు. అంటే మనం కరువుకి గుర్తుగా పెట్టుకున్న బొమ్మ ఇక్కడ కరువు పడే చోటు బొమ్మే కాదు.

మరి కరువు ఎలా ఉంటుంది? దీనికి మామ జవాబు చెప్పలేదు, చేనుకి తీసుకుపోయాడు. సాయంత్రం నాలుగున్నర అయి ఉంటుంది. రోడ్డు మీంచి చూస్తే చేను పచ్చగా ఉంది. నిజంగా పచ్చగా, మోకాళ్ల కిందిదాకా. కారులో బెంగళూరు నుంచి హైదరాబాదు పోయేవాళ్లు కిటికీలోంచి చూసి, ఈ ఏడు పర్లేదే అనుకునేంత పచ్చగా. మామ వంగి ఒక మొక్కని పీకి, మట్టి దులిపి, నా మొహం ముందు పెట్టాడు. వేళ్ల మధ్య మూడు కాయలు. ఒకటి నొక్కితే లోపలికి పోయింది, గింజ లేదు. మిగతా ఊడలు నేలలోకి దిగకుండానే దారాల్లాగా ఎండి వేలాడుతున్నాయి.

శెనక్కాయ గురించి ఒక్క మాట చెప్పాలి. పువ్వు నేల పైన పూస్తుంది, కాయ నేల కింద కాస్తుంది. పువ్వు రాలాక ఊడ అనే సన్నటి కాడ కిందికి సాగి మట్టిలోకి గుచ్చుకోవాలి. ఆ రెండు మూడు వారాలు నేల మెత్తగా, తడిగా ఉండాలి. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర్లో ఉంటుంది. ఆ సంఖ్య మొత్తంగా కురిసినా, ఊడలు దిగే వారాల్లో కురవకపోతే పంట లేదు. ముందు కురిసిన వానకి ఆకు బలిసింది, తర్వాత కురిసే వానకి బతుకుతుంది, మధ్యలో రాని వాన దగ్గర కాయ పోయింది. ఇది పచ్చటి కరువు. వంద మీటర్ల నుంచి చూస్తే పంట, అర మీటరు నుంచి చూస్తే కరువు.

‘పశువులకి కట్టె వస్తాదిలే’ అన్నాడు మామ. ఇత్తనాలు, ఎరువు, కూలి, ట్రాక్టరు బాడుగ, అన్నీ కలిపి ఆ మాటలోకి కుదించేశాడు.

ఇప్పుడు దీన్ని పైనుంచి చూద్దాం. పంటల ఆరోగ్యాన్ని ఉపగ్రహం నుంచి కొలవడానికి ఎక్కువగా వాడే సూచిక ఎన్‌డీవీఐ. ఆకులు ఎర్ర కాంతిని పీల్చుకుంటాయి, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని తిప్పికొడతాయి. ఆ రెంటి తేడాని వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఆ సంఖ్య. లాండ్‌శాట్ చిత్రంలో ఒక చుక్క నేల మీద 30 మీటర్ల చదరం, అంటే సుమారు పాతిక సెంట్లు తక్కువ. సెంటినెల్-2లో 10 మీటర్లు. అద్భుతమైన పనిముట్లు, నేను వాటిని తక్కువ చెయ్యను. వాటితో పనిచేసే శాస్త్రవేత్తలకి వాటి హద్దులు నాకంటే బాగా తెలుసు. కానీ అది కొలిచేది ఆకుని. ఊడ నేలలోకి దిగిందా లేదా అనేది ఆ సూచికకి కనిపించే విషయం కాదు. అక్కడినుంచి ఒక డాష్‌బోర్డు మీదికి, డాష్‌బోర్డు నుంచి ఒక సమావేశంలోకి వచ్చేసరికి పచ్చటి చుక్క అంటే పంట బాగుంది అని అర్థం స్థిరపడిపోతుంది. వాతావరణ ఆధారిత పంటల బీమాది ఇంకో రకం. ఒక ప్రాంతానికంతటికీ ఒక వాతావరణ కేంద్రం నమోదు చేసిన వానే ప్రమాణం. మబ్బు మాత్రం ఒక చేనులో కురిసి పక్క చేనుని ఒదిలేసి పోతుంది. సీమలో పిల్లాడికి కూడా తెలుసు ఈ సంగతి. వాన కొలమానానికి ఒకే కన్ను, అదీ ఇంకో ఊళ్లో. ఇక్కడ ఎవరూ దుర్మార్గులు కానక్కర్లేదు. రెండు బొమ్మలు ఎక్కడో కలుస్తున్నాయి, కలిసినచోటే నిజమనుకుంటున్నారు, అంతే.

కెమెరా దుర్మార్గం కూడా చేసింది, అది ఈ నేల మీదే. 1876–78 మధ్య మద్రాసు రాజధానిని చుట్టేసిన కరువుని తెలుగువాళ్లు ధాత కరువు అన్నారు. చనిపోయినవాళ్లు యాభై లక్షల పైమాటే అని అంచనాలు. బాగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్లారి ఒకటి. ఇప్పటి అనంతపురం అప్పటికి బళ్లారిలో భాగం, వేరు జిల్లా అయింది 1882లో. ఆ కరువు ఫొటోలు తీసినవాడు మద్రాసు సైన్యంలో అధికారి, విలోబీ వాలెస్ హూపర్. ఎముకలు లెక్కపెట్టగలిగేంతగా చిక్కిపోయిన ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు, వరసగా కూర్చోబెట్టి, నిలబెట్టి తీసినవి. నేను చూసినవాటిలో ఒక్క మనిషికీ పేరు లేదు. ఫోకస్ పరంగా వాటిలో లోపం లేదు, ప్రతి పక్కటెముకా స్పష్టంగా ఉంది. మనుషులు మాత్రం అనంతంలో ఉన్నారు. మూడు నాలుగు గజాల దూరంలో నిలబడి కూడా అతను వాళ్లని అక్కడికి నెట్టగలిగాడు. అతనికి ఒకే కిటికీ ఉంది. తర్వాత 1886లో ఇదే హూపర్ మాండలేలో బర్మా ఖైదీలని కాల్చి చంపేటప్పుడు, కాల్పుల ఆజ్ఞ ఇచ్చే వేళని తన ఫొటో ప్లేటుకి అనువుగా సర్దాడన్న ఆరోపణ వచ్చి, పెద్ద గొడవై, విచారణ జరిగింది.

1943 బెంగాల్ కరువుకి వెళ్లిన జంట దీనికి పూర్తిగా విరుద్ధం. కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి పి.సి. జోషి తనతో ఒక ఫొటోగ్రాఫర్ని, ఒక చిత్రకారుణ్ణి తీసుకెళ్లాడు: సునీల్ జానా, చిత్తప్రసాద్. కెమెరా పట్టలేనిదాన్ని బొమ్మ, బొమ్మని నమ్మనివాడికి కెమెరా. చిత్తప్రసాద్ మిడ్నపూర్ పల్లెల్లో తిరిగి గీసినవాటితో ‘హంగ్రీ బెంగాల్’ అనే చిన్న పుస్తకం వేశాడు. బొమ్మలతో పాటు ఆ మనుషుల కథలూ ఉంటాయి అందులో. ప్రభుత్వం ప్రతుల్ని జప్తు చేసి తగలబెట్టింది. రెండు కిటికీలు, వాటి మధ్య కావలసినంత ఎడం.

రాప్తాడుకి అలాంటి కిటికీ ఒకటి ఉంది, మనం ఎక్కువ చూడం. సింగమనేని నారాయణ (1943–2021) ఈ మండలంలోని బండమీదపల్లె మనిషి. తెలుగు పండితుడిగా పనిచేశారు, ‘సీమ కథలు’ సంకలనానికి సంపాదకుడు. ఆయన కథ ‘జూదం’ పేరు చూడండి. సేద్యాన్ని పూజ అనలేదు, త్యాగం అనలేదు, జూదం అన్నాడు. బయటినుంచి వచ్చినవాడికి ఆ మాట నోట రాదు, రైతుని అవమానించినట్టు ఉంటుందని జంకుతాడు. దగ్గరివాడికి ఆ జంకు ఉండదు. ఆయన కథల్లో నాకు కళ ఎప్పుడూ గొప్పగా అనిపించలేదు, కొన్నిచోట్ల వ్యాసంలా నడుస్తాయి. కానీ లెక్కలు సరిగ్గా ఉంటాయి. ఏ వారంలో వాన పడాలో, ఏ షావుకారు దగ్గర ఎంత మిగిలిందో. నగరంలో కూర్చుని కరువు గురించి కవిత్వం రాసేవాళ్లకి కళ ఉంటుంది.

ఇక్కడ న్యాయంగా ఒక ఎదురు ప్రశ్న వేసుకోవాలి. ఇంత సరిచూసుకోవాలంటే పని ఎప్పుడు జరుగుతుంది? గుంటలో పాప మునిగిపోతుంటే కిటికీల ఎడం కొలుస్తూ కూర్చుంటామా? రాబర్ట్ కాపా 1944 జూన్‌లో నార్మండీ తీరంలో కాంటాక్స్ రేంజ్‌ఫైండర్లతో తీసిన ఫొటోలు కదిలిపోయి, మసకగా ఉంటాయి. వాటిని చూసినవాడు మర్చిపోలేడు. ఆయన తన జ్ఞాపకాల పుస్తకానికి ‘స్లైట్‌లీ అవుట్ ఆఫ్ ఫోకస్’ అనే పేరు పెట్టుకున్నాడు. నిజమే, మసక బొమ్మ కూడా పని చేస్తుంది. సరిగ్గా తెలిసేదాకా ఆగుదాం అనేది ఏమీ చెయ్యకుండా ఉండటానికి చదువుకున్నవాళ్లు కనిపెట్టిన మంచి పద్ధతి. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కాపా మసక తనకి మసక అని తెలిసిన మసక. హూపర్ స్పష్టత తనకి స్పష్టం అని తెలిసిన స్పష్టత. రెండోదాన్ని చూస్తే నాకు ఎక్కువ భయం.

కెమెరా సంగతికి వద్దాం. రేంజ్‌ఫైండర్ నిజం చెబుతోందో లేదో రేంజ్‌ఫైండర్‌తో తేలదు. వెనక తలుపు ఊడదీసి (జోర్కీ-4లో అది పూర్తిగా ఊడి వస్తుంది), షట్టర్ని ‘బి’ మీద తెరిచి పట్టుకుని, రీలు కూర్చునే పట్టాల మీద ఒక గరుకు గాజు ముక్క పెట్టాలి. లెన్స్ వేసే అసలు బొమ్మ దాని మీద తలకిందులుగా పడుతుంది. భూతద్దంతో చూడాలి. కిటికీలో చూసిందానికీ ఇక్కడ పడిందానికీ తేడా ఉంటే స్క్రూది తప్పు, లేదా మీట కొనది తప్పు. అనంతానికి స్క్రూ. దగ్గరికి మీట కొన, దాన్ని కొద్దిగా తిప్పాలి. ఒకటి సరిచేస్తే రెండోది చెడుతుంది. అటూ ఇటూ పదిసార్లు తిరగాలి. ముందు అనంతాన్ని సరిచెయ్యి, దగ్గరిది దానంతటదే వస్తుంది అని ఈ పని తెలిసినవాళ్లు చాలామంది చెబుతారు. మన నీతి పుస్తకాల్లాగే: ముందు మానవాళిని ప్రేమించు, పక్కింటివాడు దానంతటదే. నా కెమెరాలో దానంతటది రాలేదు.

దగ్గరి పరీక్షకి మామనే కూర్చోబెట్టాను, గట్టు మీద, టేపుతో కొలిచి సరిగ్గా ఒక మీటరు. పొద్దు గూకుతోంది, లెన్స్‌ని ఎఫ్ 2 దాకా తెరవక తప్పలేదు. ఆ దూరంలో, ఆ తెరుపులో, ముందూ వెనకా కలిపి స్పష్టంగా వచ్చే మందం దాదాపు అయిదు సెంటీమీటర్లు. పది మీటర్ల దూరంలో అయితే అయిదు మీటర్లు వచ్చేది. దూరంగా ఉన్నవాడి విషయంలో ఎంత తప్పినా చెల్లిపోతుంది, దగ్గరివాడి దగ్గర చెల్లదు. మామ చేతిలో ఆ మొక్క ఇంకా ఉంది. దాన్ని ముందుకి చాపి పట్టుకున్నాడు, మొహానికి ఒక జానెడున్నర ముందు.

అయిదు సెంటీమీటర్లలో రెండూ పట్టవు. ఎండిన ఊడల మీద ఫోకస్ పెడితే వెనక మామ ఒక తెల్లటి తువ్వాలు, ఒక నల్లటి మరక. కరువుకి సాక్ష్యం దొరుకుతుంది, ఎవరి కరువో పోతుంది. మొహం మీద పెడితే అది ఒక ముసలాయన ఏదో ఆకుపచ్చది చూపిస్తున్న ఫొటో. చూసేవాడు పంట బాగా పండింది కాబోలు అనుకుంటాడు. నేను కిటికీలో ఇద్దరు మామల్ని ఒకటి చేస్తూ, రెండు మొక్కల్ని ఒకటి చేస్తూ, మళ్లీ ఇద్దరు మామల్ని చేస్తూ ఉన్నాను.

‘యాంది అంతసేపు?’ అన్నాడు.

‘నీ మొగం తియ్యల్నా, కట్టె తియ్యల్నా మామా?’

‘రెండూ తీయి, కర్సు నీదే గదా.’

రెండు తీశాను. అలా చెయ్యొచ్చని తత్వవేత్తలెవరూ ఎందుకు చెప్పరో. రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే తప్ప ఏదీ నిజం కాదు. పోస్టరు మిత్రుడికి రెండూ పంపాను, రెండూ వెయ్యాలనే షరతుతో. జవాబు రాలేదు. ఊరికి మాత్రం ప్రింట్లు పంపాను. మామ ఫోన్ చేసి మొక్క ఉన్నదాన్ని గోడకి పెట్టినట్టు చెప్పాడు. తన మొహం ఉన్నది ఎందుకు పెట్టలేదని అడిగితే, ‘నా మొగం ఇంట్లో అందరికీ తెలుసులే’ అన్నాడు.

మీట కొనని అక్కడే బిగించేశాను, మీటరు దూరానికి ఖచ్చితంగా ఉండేలా. గాలిమర స్తంభాలు ఇప్పుడు వెంట్రుకవాసి ఎడంగా కనిపిస్తాయి. దాన్నలాగే ఒదిలేశాను, ఎందుకంటే అనంతానికి రేంజ్‌ఫైండర్ అక్కర్లేదు. చూడకుండానే లెన్స్‌ని ఆగేదాకా తిప్పితే చాలు, అదే అనంతం.